పల్లె పిల్లలకు పట్నంలో చోటు చూపిన కొత్వాలు

ఈ సంచికలో మన పెద్దల జీవితాల పక్కనే, మన తండాకు గానీ మన పెంటకు గానీ చెందని ఒకరి జీవితాన్ని కూడా చేర్చాం. ఆయన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు. పాలమూరు మట్టిలో పుట్టి హైదరాబాదు నగరానికి కొత్వాలు అయ్యారు. కొత్వాలు అంటే నేటి మాటలో పోలీసు కమిషనర్. అయితే మేము ఆయనను తలచుకునేది ఆ హోదా వల్ల కాదు. సర్కారు సాయం అందని పల్లె పిల్లలు పట్నంలో చదువుకోవడానికి ఆయన ఒక ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు ఎలా నిలబడిందో, ఎవరిదాకా వచ్చి ఆగిపోయిందో మన యువత తెలుసుకోవాలి.

వెంకటరామారెడ్డి గారు 1869 ఆగస్టులో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకుని అమ్మమ్మ చేతుల్లో పెరిగారు. తర్వాత పోలీసు శాఖలో పనిచేసే మేనమామ ఆయనను చేరదీసి చదివించారు. ఆ అండ లేకపోతే ఆ కుర్రవాడి చదువు ఎక్కడ ఆగిపోయేదో ఊహించుకోవచ్చు. చిన్న వయసులోనే ఆయన పోలీసు శాఖలో అమీనుగా చేరారు. నిజాం రాజ్యంలో అనేక చోట్ల పనిచేశారు, కొంతకాలం వనపర్తి సంస్థానం వ్యవహారాలూ చూశారు. మెట్టు మెట్టుగా ఎదిగి 1920లో హైదరాబాదు కొత్వాలు అయ్యారు. నిజాముల పాలనలో ఆ పదవికి వచ్చిన మొదటి హిందువు ఆయనే. 1934 వరకు, అంటే పద్నాలుగేళ్లు ఆ బాధ్యతలో ఉన్నారు. రాజా బహదూర్ అన్నది నిజాం ఇచ్చిన బిరుదు.

ఆ కాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో చదువు ఎలా ఉండేదో కాస్త చెప్పుకోవాలి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, సర్కారు బడిలో నేర్పేది ఉర్దూ. పై తరగతులు కావాలంటే ఊరు విడిచి వెళ్లాలి. ఖాన్గీ బడి, అంటే ప్రైవేటు బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశభాషలో ఉన్నత విద్య చెప్పడం అప్పటికి గొప్ప సంగతే, కానీ ఆ భాష కూడా ఉర్దూయే. ఇన్ని దాటుకుని హైదరాబాదు చేరిన పల్లె కుర్రవాడికి మరో కష్టం ఎదురయ్యేది. రాత్రి ఎక్కడ పడుకోవాలి, పూటకు అన్నం ఎవరు పెడతారు? బంధువులు ఉన్నవాడు నిలబడేవాడు, లేనివాడు తిరుగు బండి ఎక్కేవాడు. ఫీజు కంటే ముందు కూడు, గూడే చదువును ఆపేవి.

వెంకటరామారెడ్డి గారు ఈ ముడిని సరిగ్గా గుర్తించారు. తానే సర్కారులో పెద్ద ఉద్యోగి అయినా సర్కారు ఏదో చేస్తుందని ఎదురుచూడలేదు. సంస్థానాధీశులను, దేశ్‌ముఖులను, ఉద్యోగులను కదిలించి చందాలు పోగుచేయించారు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. తర్వాత అది ఆబిడ్స్‌లో సొంత చోటులో స్థిరపడింది. ఉండడానికి గది, వేళకు భోజనం, చదువుకోవడానికి గ్రంథాలయం ఒకే చోట దొరికాయి. స్తోమత లేని పిల్లలకు సాయం అందింది. ఎండాకాలం వచ్చి పోయే దానంలా కాకుండా, ఏటేటా కొత్త పిల్లలు వచ్చి చేరే సంస్థగా అది నిలిచింది.

ఒక్క మనిషి మంచితనం మీదే అది నడిచిందనుకుంటే పొరపాటు. దాని వెనుక ఓపికగా పనిచేసిన మనుషులు ఉన్నారు. వారిలో ముందు చెప్పుకోవలసినవారు సురవరం ప్రతాపరెడ్డి గారు. ఆయనా పాలమూరు జిల్లావారే. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టి తెలంగాణ తెలుగుకు గొంతు ఇచ్చిన ఆయనే, రెడ్డి హాస్టల్ బాధ్యతలు మోసి, అక్కడి గ్రంథాలయాన్ని పెంచి, పిల్లలకు తెలుగు చదువు మీద మక్కువ కలిగించారు. కొత్వాలు గారి జీవిత చరిత్ర రాసిందీ ఆయనే. ఒకరు పలుకుబడితో డబ్బు తెస్తే మరొకరు దగ్గరుండి పిల్లల మంచిచెడ్డలు చూశారు. ఈ రెండు పనుల్లో ఏది లేకపోయినా హాస్టల్ నిలిచేది కాదు.

ఆడపిల్లల చదువుకూ కొత్వాలు గారు అండగా నిలిచారు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల స్థాపించినప్పుడు దానికి చేయూతనిచ్చారు. వేరే కులాల విద్యా సంస్థలకూ సాయపడ్డారు. 1953 జనవరిలో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది నారాయణగూడలో ఆయన పేరిట మహిళా కళాశాల వెలిసింది. మన జిల్లాల నుంచి వెళ్లిన ఆడపిల్లలూ ఆ కళాశాల మెట్లెక్కారు.

ఆ హాస్టల్ ఎలాంటి మనుషులను తయారుచేసిందో చూడండి. నల్లగొండ జిల్లా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి గారు అక్కడ ఉండి చదువుకున్నవారే. తర్వాత ఆయన హరిజన సేవా సంఘంలో పనిచేసి, హైదరాబాదులో హరిజన పిల్లలకు వసతి గృహాలు నడిపారు. ఆపైన తెలంగాణ సాయుధ పోరాట నాయకుడై, 1952లో నల్లగొండ నుంచి దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. నిజాంకు నమ్మకస్తుడైన కొత్వాలు కట్టిన నీడలో నిజాంను ఎదిరించినవాడు పెరిగాడు. చదువుకు సాయం చేసినవారు, ఆ చదువు రేపు ఎటు నడుస్తుందో శాసించలేరు. శాసించకూడదు కూడా.

ఇక మనకు సంబంధించిన మాట. ఆ హాస్టల్ పేరులోనే ఒక కులం ఉంది. దేవరకొండ తండాల్లోని లంబాడీ పిల్లవాడికి గానీ, అమ్రాబాద్ పీఠభూమి మీద పెంటల్లో ఉండే చెంచు పిల్లవాడికి గానీ అది తమ ఇల్లు కాలేదు. అప్పట్లో ఎవరి కులం వారు తమవారికి హాస్టల్ కట్టుకున్నారు. సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు ఉన్న కులానికి చందాలు వచ్చాయి. ఆ చందాల మూలం భూమి శిస్తు. ఆ శిస్తులో మట్టిని నమ్ముకున్న అన్ని కులాల, తెగల చెమటా ఉంది. మన తరఫున మాత్రం చందా అడిగే కొత్వాలు లేడు, ఇచ్చే రాజు లేడు.

సర్కారు సాయం కూడా మనలో అందరికీ ఒకేసారి రాలేదు. చెంచులు 1950 నాటి జాబితాలోనే షెడ్యూల్డు తెగగా ఉన్నారు. లంబాడీల సంగతి వేరు. ఆంధ్ర ప్రాంతంలోని సుగాలీలు, లంబాడీలు షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందినా, అదే భాష, అదే పండుగలు ఉన్న తెలంగాణ లంబాడీలు ఆ జాబితాలో లేరు. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో ఆ ప్రాంతీయ హద్దు తొలగి, 1977లో గుర్తింపు అమలులోకి వచ్చింది. అంటే స్వాతంత్ర్యం వచ్చాక కూడా ముప్పై ఏళ్లు మన తండాల పిల్లలు తెగ పేరు మీద ఉపకార వేతనం అడగలేకపోయారు. ఆ తరంలో కాలేజీ దాకా వచ్చినవారు ఎంత కష్టపడి వచ్చారో మీ ఇంటి పెద్దలను అడిగి రాసి పెట్టుకోండి.

ఈ రోజు గుర్తింపు ఉంది, గురుకులాలు ఉన్నాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అయినా సందుల్లోంచి జారిపోయే పిల్లలు ఉన్నారు. కన్వీనర్ కోటాలో సీటు రాక మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారు ఉన్నారు. అమ్మానాన్నలు పుణె, ముంబై వలస వెళ్తే ఆదాయ పత్రం, కుల పత్రం వేళకు తెచ్చుకోలేకపోయినవారు ఉన్నారు. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమై, కాలేజీ సర్టిఫికెట్లు చేతికి రాక పై చదువు వదులుకున్నవారు ఉన్నారు. వీరికి పెద్ద మొత్తాలు అక్కర్లేదు. సరైన వారంలో అందిన కొద్ది వేల రూపాయలు ఒక ఏడాదిని కాపాడతాయి.

కొత్వాలు గారి నుంచి మనం తీసుకోవలసినది ఆ పద్ధతి, వదిలిపెట్టవలసినది ఆ గిరి. మనకు రాజులు లేకపోయినా, ఈ రోజు ప్రతి తండాలో ఇద్దరు ముగ్గురైనా నెల జీతం తెచ్చుకునేవారు ఉన్నారు. తీజ్ పండుగకో, సేవాలాల్ మహారాజ్ జయంతికో ఊరంతా ఒకచోట కూడుతుంది. ఆ రోజు కాలేజీ నిధికి తలా కొంత వేయండి. ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరికి ఎంత వెళ్లిందో రాసి, తండా నాయక్ ఎదుట, చదువుకున్న ఆడపిల్లల ఎదుట చదివి వినిపించండి. పత్రాలు లేని పిల్లవాడికి పత్రాలు వచ్చేదాకా తోడుగా ఆఫీసుకు వెళ్లండి. పక్క పెంటలోని చెంచు అమ్మాయిని, అవతలి వాడలోని నిరుపేద పిల్లవాడిని మీవాడు కాడని పంపేయకండి.

సర్కారు ఇవ్వవలసినది సర్కారును అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. అది చేతికి వచ్చేలోగా మన పిల్లలెవరూ తిరుగు బస్సు ఎక్కకుండా చూసుకుందాం.