దుర్గాబాయమ్మ కలిపిన చేతులు

స్కోఫీల్డ్స్‌లో సాయంత్రం రైలు దిగి ఇంటిదాకా నడిస్తే రెండు మూడు చోట్లయినా తెలుగు మాట చెవిన పడుతుంది. సిడ్నీకి పడమటి దిక్కున, రిచ్‌మండ్ వెళ్ళే రైలు మార్గంలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు పొలాల నేల. ఇప్పుడు వరుసగా కొత్త ఇళ్ళు, శ్రావణ మాసం వస్తే పేరంటాలు, శనివారం వస్తే పుట్టినరోజు విందులు. ఆ తలుపుల వెనక భర్త చేతిలో దెబ్బలు తింటూ, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే ఆడపిల్లలూ ఉంటారన్నది మనం సభల్లో ఎత్తడానికి ఇష్టపడని విషయం.

అలాంటి ఇల్లాలికి కావలసినవి ఒక్కచోట దొరకవు. దెబ్బకు డాక్టరు, రక్షణకు పోలీసు, ఉత్తర్వుకు కోర్టు, తలదాచుకోవడానికి ఒక గది, పిల్లలకు బడి, వీటన్నిటి పైన వీసా భయం. చెప్పిందే చెప్పి, ఏడ్చిందే ఏడ్చి, మూడో ఆఫీసుకు వెళ్ళేసరికి ఓపిక నశించి వెనక్కి తిరుగుతుంది. ఇది గుర్తించే 2014లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం సేఫర్ పాత్‌వే అనే ఏర్పాటు మొదలుపెట్టింది. ప్రాణాపాయం ఉందని తేలిన కేసుల్లో పోలీసులు, ఆరోగ్య, విద్య, గృహవసతి, శిశు సంరక్షణ శాఖలవారు, స్వచ్ఛంద సంస్థలవారు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఎవరు ఏ పని చేయాలో అక్కడే తేల్చుకుంటారు. ఈ పద్ధతి గురించి తెలుసుకున్నప్పుడు నాకు చప్పున గుర్తొచ్చినది మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. గృహహింస అన్న మాట ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో, విడివిడిగా ఉన్న సంస్థలను ఒక్క తాటి మీదికి తేవడానికి ఆవిడ జీవితమంతా పాటుపడ్డారు.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. వరుడు ఒక జమీందారీ కుటుంబానికి దత్తుడు, పేరు సుబ్బారావు. పదిహేనో ఏట, కాపురానికి వెళ్ళవలసిన సమయంలో, ఈ బంధం తనకు సరిపడదని తేల్చి చెప్పి, వేరే పెళ్ళి చేసుకోమని ఆయనకే సలహా ఇచ్చారు. ఆ కాలంలో అంత మాట అనగలగడం సామాన్యం కాదు. తండ్రి రామారావు గారు, సోదరుడు అండగా నిలిచారు గనుక ఆ మాట చెల్లింది. పుట్టింటివారు తలుపు తెరిచి ఉంచడం ఎంత పెద్ద రక్షణో ఆమెకు చిన్ననాడే తెలిసివచ్చింది. ఆ రక్షణ లేని వారి గతేమిటన్న ప్రశ్న ఆమెను చివరిదాకా వదలలేదనిపిస్తుంది.

1923 కాకినాడ కాంగ్రెసులో టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని ఆపిన కథ మనలో తెలియనివారు అరుదు. దాన్ని మళ్ళీ చెప్పను. అంతకన్నా ముఖ్యమైనది జైలు కథ. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆమె పలుమార్లు జైలుకు వెళ్ళారు. మధుర జైలులో ఒంటరి కొట్టులో ఉంచారు. జైళ్ళలో ఆమెకు కనబడినది చదువురాని పల్లెటూరి ఆడవాళ్ళు. తమ మీద మోపిన నేరమేమిటో, తాము ఒప్పుకున్నదేమిటో వారిలో కొందరికి తెలియదు. వాళ్ళ తరఫున మాట్లాడినవారు లేరు. న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల ఆమెకు అక్కడే కలిగింది. బయటికి వచ్చి బెనారసు మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టలు లేదు గనుక సీటివ్వడం కష్టమన్నప్పుడు, పత్రికల్లో ప్రకటన ఇచ్చి తనలాంటి విద్యార్థినులను పోగుచేసి తామే హాస్టలు నడుపుకున్నారు. ఆ తరువాత మద్రాసులో లా చదివి ప్లీడరయ్యారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ వెలిసింది. మైలాపూరులో చిన్నపిల్లలతో నడిపిన లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అనే బృందం దానికి మొలక. వితంతువులకు, భర్తలు వదిలేసినవారికి మెట్రిక్ చదువు, చేతిపని, ఉండడానికి చోటు, ఆ తరువాత ఆసుపత్రి, నర్సుల శిక్షణ. ఒక ఆడది లోపలికి వస్తే ఆమెకు కావలసిన నాలుగూ ఒకే ప్రాంగణంలో ఉండాలన్నది అక్కడి ఆలోచన.

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. సుబ్బారావు గారు చనిపోయాక ఆయన రెండో భార్య అత్తవారింట ఆదరణ లేక ఇబ్బందుల్లో పడ్డారు. ఆమెను దుర్గాబాయి గారు చేరదీసి, శిక్షణ ఇప్పించి, సొంత కాళ్ళ మీద నిలబడే ఏర్పాటు చేశారు. తాను కాదనుకున్న ఇంటి కోడలిని ఇలా ఆదుకున్నవారు నాకు ఇంకొకరు తెలియదు.

రాజ్యాంగ సభలో సభ్యురాలిగా, ఆ తరువాత పార్లమెంటులో, హిందూ స్త్రీల ఆస్తిహక్కు కోసం ఆవిడ గట్టిగా నిలబడ్డారు. 1952 ఎన్నికల్లో రాజమండ్రిలో ఓడిపోయారు. ఆ ఓటమి మేలే చేసింది. నెహ్రూ గారు ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. దేశమంతటా ఎవరికి తోచినట్టు వారు నడుపుకుంటున్న సేవాసంస్థలు ఎన్నో ఉన్నాయి, ఒకరి పని ఒకరికి తెలియదు, డబ్బు లేదు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షురాలు ఆవిడే. సేవారంగంలో తలపండిన మహిళలూ, ఆర్థిక, విద్య, ఆరోగ్య శాఖల ప్రతినిధులూ ఒకే బోర్డులో కూర్చున్నారు. మొదటి ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల కోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. 1954 నుంచి రాష్ట్రాలలోనూ బోర్డులు వచ్చాయి. 1958లో మొదలైన వయోజన స్త్రీల సంక్షిప్త విద్య పథకం, మహిళా సభలో ఆవిడ నడిపిన మెట్రిక్ తరగతులకు కొనసాగింపే.

1953 జనవరి 22న ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో ఆమె వివాహం జరిగింది. నెహ్రూ గారు సాక్షి సంతకం పెట్టారు. అదే ఏడాది చైనా వెళ్ళి, అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చారు. మామూలు కోర్టులో ఆస్తి తగాదాల మధ్య సంసారపు గొడవలు ఏళ్ళ తరబడి నలగకూడదనీ, వాటికి విడిగా న్యాయస్థానాలు కావాలనీ నెహ్రూ గారికి, చాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులకు నచ్చజెప్పే ప్రయత్నం చేశారు. అది వెంటనే ఫలించలేదు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్న ఆవిడ 1981 మే 9న కన్నుమూశారు. 1983లో సాంఘిక సంక్షేమ బోర్డు కుటుంబ సలహా కేంద్రాలు ప్రారంభించింది. 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. కోర్టు పనిలో సేవాసంస్థలనూ, కౌన్సిలర్లనూ భాగస్వాములను చేయాలన్నది ఆ చట్టంలోని ఒక అంశం.

ఈ చట్టంలో ఒక లోపం లేకపోలేదు. అది రాజీకి పెద్దపీట వేసింది. ఇల్లు నిలబెట్టాలన్న తొందరలో కొట్టే చేతికే తిరిగి అప్పగిస్తున్నారని మహిళా సంఘాలు ఆక్షేపించాయి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. 2005 గృహహింస నిరోధక చట్టం ఈ లోటును కొంత తీర్చింది. రక్షణాధికారి, ఆశ్రయ గృహం, ఆసుపత్రి, మేజిస్ట్రేటు, వీటన్నిటినీ అది ఒక వరుసలోకి తెచ్చింది. దుర్గాబాయి గారు ఉంటే ఏ పక్షాన ఉండేవారని అడిగితే, పదిహేనో ఏట ఆవిడ చేసిన పనే జవాబు.

ఇక మన స్కోఫీల్డ్స్ సంగతి. మన అమ్మాయిలను ఎక్కువగా ఆపేది వీసా భయం. భాగస్వామి వీసా మీద ఉన్నవారు హింస కారణంగా విడిపోయినా ఇక్కడే ఉండడానికి ఆస్ట్రేలియా చట్టంలో వీలుంది. అయినా భర్త చెప్పిన బెదిరింపునే నమ్మి ఊరుకుంటారు. ప్రాణాపాయమైతే 000. సలహాకు 1800 737 732, పగలూ రాత్రీ పలుకుతుంది. ఇంగ్లీషు రాదని సందేహం ఉంటే 131 450కి చేసి, తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు. ఈ మూడు నంబర్లూ వచ్చే పేరంటంలో తాంబూలంతో పాటు ఒక చిన్న కాగితం మీద రాసి ఇద్దామని మా వీధి ఆడవాళ్ళం అనుకున్నాం.