దొంగలు పడ్డారని పోలీసులకు చెబితే.. ఆయన్నే దోషిని చేశారు!

కంప్యూటర్ సైన్స్‌కు పునాది వేసిన బ్రిటిష్ గణిత మేధావి అలన్ ట్యూరింగ్. 1912లో లండన్‌లో పుట్టారు. తండ్రి అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఎనిగ్మా కోడ్‌ను ఛేదించిన బృందంలో ఈయనే కీలకం.

1952లో అంతా తలకిందులైంది. ఇంట్లో దొంగలు పడ్డారని ఆయనే ఫిర్యాదు చేశారు. విచారణలో ఓ యువకుడితో తనకున్న సంబంధాన్ని దాచకుండా చెప్పేశారు. అప్పటి చట్టంలో అది నేరం. జైలు తప్పాలంటే హార్మోన్ చికిత్సకు ఒప్పుకోవాల్సిందే.. ఒప్పుకున్నారు. ప్రభుత్వ రహస్య పనులకూ దూరం పెట్టారు. 1954 జూన్ 7న సైనైడ్‌తో చనిపోయారు. వయసు 41 ఏళ్లే. ఆత్మహత్య అని అధికారులు తేల్చారు. ప్రమాదమేనని తల్లి నమ్మారు.

2009లో ప్రధాని గోర్డాన్ బ్రౌన్ క్షమాపణ చెప్పారు. క్షమాభిక్ష మాత్రం 2012లో కుదరదన్నారు. ఆనాటి చట్టం ప్రకారమే శిక్ష పడిందన్నది ప్రభుత్వ వాదన. చివరికి 2013లో రాణి క్షమాభిక్ష వచ్చింది. గొడవ అక్కడితో ఆగలేదు. మేధావి కాబట్టి ఆయనొక్కరికేనా, అదే చట్టం కింద శిక్షపడ్డ వేలమంది మామూలు జనం మాటేంటని కొందరు నిలదీశారు. తప్పే లేనప్పుడు క్షమించడమేంటని మరికొందరు. న్యాయమైన ప్రశ్నే. 2017లో ట్యూరింగ్ పేరుతో పిలిచే చట్టం ఆ వేలమంది మృతులకూ క్షమాభిక్ష ఇచ్చింది. బతికున్నవాళ్లు మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్లలో కొందరు అది వద్దు, క్షమాపణే కావాలని పట్టుబట్టారు.