ఫ్రిట్జ్ హేబర్

ఫ్రిట్జ్ హేబర్ (డిసెంబర్ 9, 1868 - జనవరి 29, 1934) జర్మనీకి చెందిన భౌతిక రసాయన శాస్త్రవేత్త. గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియాను తయారు చేసే పద్ధతిని కనుగొన్నందుకు ఇతనికి 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ చేసిన విషవాయు ప్రయోగానికి నాయకత్వం వహించినవాడు కూడా ఇతనే. రసాయన సమతాస్థితి, ఉత్ప్రేరకాల పాఠాలలో నేటికీ ఉదాహరణగా చెప్పేది హేబర్ పద్ధతినే.

బాల్యం, చదువు

హేబర్ అప్పటి ప్రష్యా రాజ్యంలోని బ్రెస్లావ్ నగరంలో (నేడు పోలండులో ఉన్నది) ఒక యూదు వర్తక కుటుంబంలో జన్మించాడు. పుట్టిన మూడు వారాలకే తల్లి మరణించింది. తండ్రి రంగుల వ్యాపారి. హేబర్ హైడెల్‌బర్గ్, బెర్లిన్ నగరాలలో చదివి 1891లో డాక్టరేటు పొందాడు. తరువాత క్రైస్తవ మతం స్వీకరించాడు. 1894లో కార్ల్స్‌రూ సాంకేతిక విద్యాలయంలో సహాయకునిగా చేరి, 1906లో అక్కడే ఆచార్యుడయ్యాడు. 1901లో క్లారా ఇమ్మర్‌వార్‌ను వివాహమాడాడు. బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి మహిళ ఆమె.

అమ్మోనియా సమస్య

గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే అయినా పైర్లు దానిని నేరుగా గ్రహించలేవు. ఆ రోజులలో ఐరోపా పొలాలకు నత్రజని ఎరువు ప్రధానంగా దక్షిణ అమెరికాలోని చిలీ నుండి ఓడలలో వచ్చేది. అక్కడి నిక్షేపాలు తరిగిపోతే గోధుమకు కరవు తప్పదని 1898లో ఆంగ్ల శాస్త్రవేత్త విలియం క్రూక్స్ హెచ్చరించాడు.

నత్రజని, ఉదజని కలిసి అమ్మోనియాగా మారే చర్య ద్విగత చర్య. అంటే ఒక పక్క అమ్మోనియా ఏర్పడుతుండగానే మరొక పక్క అది విడిపోతూ ఉంటుంది. రెండింటి వేగాలు సమానమైనప్పుడు మిశ్రమంలో ఇక మార్పు కనబడదు. అదే సమతాస్థితి. చర్య ఆగిపోయిందని దీని అర్థం కాదు.

1904 ప్రాంతంలో హేబర్ ఈ రెండు వాయువులను సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇనుము మీదుగా పంపి చూశాడు. ఏర్పడిన అమ్మోనియా ఒక శాతంలో వందో వంతు మాత్రమే. ఈ అంకెలు సరికావని వాల్టర్ నెర్న్‌స్ట్ 1907లో హాంబర్గ్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సమావేశంలో బహిరంగంగా విమర్శించాడు. అవమానంగా భావించిన హేబర్ మళ్ళీ ప్రయోగశాలకు మరలాడు. ఒక విధంగా ఆ విమర్శే మేలు చేసిందనవచ్చు.

చిక్కుముడి ఎక్కడ ఉన్నదంటే, ఈ చర్యలో వేడి వెలువడుతుంది. 1884లో లె షాటెలియర్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత తగ్గిస్తే సమతాస్థితి అమ్మోనియా వైపు జరుగుతుంది. కానీ చల్లని స్థితిలో నత్రజని అణువులోని మూడు బంధాలు తెగవు కనుక చర్య దాదాపుగా సాగదు. వేడి చేస్తే వేగం వస్తుంది, ఫలితం పోతుంది. నాలుగు ఘనపరిమాణాల వాయువు రెండు ఘనపరిమాణాలు అవుతున్నందున పీడనం పెంచితే లాభమని అదే సూత్రం చెబుతుంది. 1901లో లె షాటెలియరే ఆ ప్రయత్నం చేశాడు. పరికరం పేలిపోవడంతో విరమించుకున్నాడు.

విద్యార్థులు తరచుగా పొరబడే విషయం ఒకటి ఇక్కడ గమనించాలి. ఉత్ప్రేరకం సమతాస్థితిని ఏ వైపుకూ జరపదు. పురోగామి, తిరోగామి చర్యలు రెండింటినీ సమానంగా వేగవంతం చేసి, ఆ స్థితి త్వరగా వచ్చేలా చేస్తుంది, అంతే. అయితే తక్కువ ఉష్ణోగ్రత వద్ద కూడా చర్య సాగేలా చేయడం వలన, మంచి ఫలితం వచ్చే పరిస్థితులలో పని చేసే వీలు కలుగుతుంది.

హేబర్, అతని సహాయకుడు రాబర్ట్ లె రొసిగ్నోల్ కలిసి సుమారు 200 వాతావరణాల పీడనాన్ని తట్టుకునే పరికరాన్ని నిర్మించారు. 500-600 డిగ్రీల మధ్య ఆస్మియం లోహాన్ని ఉత్ప్రేరకంగా వాడారు. అంత చేసినా ఒక విడతలో వచ్చే అమ్మోనియా పది శాతం లోపే. హేబర్ అసలు ప్రతిభ ఇక్కడే కనబడుతుంది. వాయువులను చల్లార్చి, ద్రవంగా మారిన అమ్మోనియాను తీసివేసి, మిగిలిన వాయువులను తిరిగి ఉత్ప్రేరకం మీదికి పంపాడు. ఏర్పడినది ఏర్పడినట్లు తొలగిస్తుంటే సమతాస్థితి అడ్డు కాజాలదు.

1909 జూలైలో బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ ప్రతినిధుల ఎదుట ఈ ప్రయోగం చేసి చూపారు. మొదట ఒక మర సడలి పని ఆగింది. కార్ల్ బాష్ వెళ్ళిపోయాడు. ఆగి ఉన్న ఆల్విన్ మిట్టాష్ అమ్మోనియా చుక్కలుగా కారడం చూశాడు. ఆస్మియం అరుదైనది, ఖరీదైనది. మిట్టాష్ వేలాది పరీక్షలు జరిపి, అల్యూమినియం, పొటాషియం సమ్మేళనాలు కలిపిన ఇనుమే మేలైనదని తేల్చాడు. బాష్ పర్యవేక్షణలో ఓపావ్ కర్మాగారం 1913లో ఉత్పత్తి ప్రారంభించింది. బాష్‌కు 1931లో నోబెల్ బహుమతి లభించింది. మన రైతులు వాడే యూరియాకు మూలం ఈ అమ్మోనియాయే.

యుద్ధం

1911లో హేబర్ బెర్లిన్ లోని కైజర్ విల్‌హెల్మ్ భౌతిక రసాయన సంస్థకు సంచాలకుడయ్యాడు. 1914లో యుద్ధం మొదలై చిలీ ఓడలు రావడం ఆగిపోగా, అమ్మోనియా నుండి నత్రికామ్లం, దాని నుండి పేలుడు పదార్థాలు తయారయ్యాయి. ఎరువు కోసం కనుగొన్న పద్ధతి తుపాకులకు మందు అందించింది.

అంతటితో ఆగక హేబర్ క్లోరిన్ వాయువును ఆయుధంగా మలచే పనికి స్వయంగా పూనుకున్నాడు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద దానిని ప్రయోగించారు. మే 2న క్లారా భర్త తుపాకీతో కాల్చుకుని ఆత్మహత్య చేసుకున్నది. కారణాలపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. కొద్ది కాలానికే హేబర్ తూర్పు రణరంగానికి బయలుదేరాడు. యుద్ధానంతరం అతనికి నోబెల్ బహుమతి ప్రకటించినప్పుడు పలు దేశాల శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు.

చివరి రోజులు

జర్మనీ యుద్ధ పరిహారం చెల్లించడానికి సముద్రపు నీటి నుండి బంగారం తీయాలని 1920 దశకంలో ప్రయత్నించి విఫలుడయ్యాడు. 1933లో నాజీ ప్రభుత్వం యూదు ఉద్యోగులను తొలగించమని ఆదేశించింది. మతం మారినా, దేశానికి ఎంత సేవ చేసినా నాజీల దృష్టిలో హేబర్ యూదుడే. సహోద్యోగులను తొలగించడానికి బదులు తానే రాజీనామా చేసి, కొంత కాలం ఇంగ్లండు లోని కేంబ్రిడ్జిలో గడిపాడు. 1934 జనవరి 29న స్విట్జర్లాండు లోని బాసెల్ నగరంలో గుండెపోటుతో మరణించాడు. ఇతని సంస్థలో జరిగిన క్రిమిసంహారక వాయు పరిశోధనల నుండి పుట్టిన జైక్లాన్-బి ని నాజీలు తరువాత యూదుల సామూహిక హత్యలకు వాడారు. అతని కోరిక మేరకు క్లారా అస్థికలను బాసెల్ తెచ్చి అతని సమాధిలోనే ఉంచారు. బెర్లిన్ సంస్థకు 1953లో ఫ్రిట్జ్ హేబర్ పేరు పెట్టారు.