లాంబర్డుల రాణి థియోడెలిండా

కత్తి గెలిచిన రాజుల కథలు మనము పెక్కు చదివియున్నాము. కత్తి పట్టకయే యొక కఠినజాతి మనస్సును మార్చఁబూనిన రాణి చరిత్రము నిట సంగ్రహముగాఁ దెలుపుచున్నాము.

లాంబర్డులు జర్మను తెగలలోనివారు. ఎల్బునదీ ప్రాంతమునుండి తరతరములుగా దక్షిణమునకు సాగి, డాన్యూబు దాఁటి పన్నోనియాలో నివసించిరి. 568లో ఆల్బోయిను రాజు వారిని ఆలుబిడ్డలతోఁగూడ ఇటలీకిఁ దెచ్చెను. వారిలోఁ బలువురు ఏరియను మతస్థులు. దేశీయులైన రోమనులు కాథలిక్కులు. జయించినవారికిని జయింపఁబడినవారికిని భాషయు వేఱు, మతమును వేఱు.

థియోడెలిండా బవేరియా ప్రభువగు గారిబాల్డుని కుమార్తె. ఆమె తల్లి పూర్వపు లాంబర్డు రాజగు వాకో కూఁతురు. 589లో ఆమె లాంబర్డు రాజగు ఆథారిని వివాహమాడెను. మఱుసటి యేఁడే యతఁడు మరణించెను. ఆమె వరించినవాఁడే రాజగునని ప్రజ లంగీకరించిరని ప్రతీతి. ఆమె టురిను ప్రభువగు అగిలుల్ఫును వరించెను.

593లో అగిలుల్ఫు రోమును ముట్టడించెను. నగరము నాఁడు పోపు గ్రెగొరీ రక్షణమున నుండెను. కాథలిక్కైన రాణికిని ఆయనకును ఉత్తరప్రత్యుత్తరములు జరిగెను. 598లో సంధి కుదిరినపుడు పోపు ఆమెకుఁ గృతజ్ఞత దెలిపెను. 603లో ఆమె కుమారుఁడు అడాలోఆల్డు, మోంజాలోఁ దాను గట్టించిన యోహాను దేవాలయమునఁ గాథలిక్కుగా బాప్తిస్మము పొందెను. 614 ప్రాంతమున ఐర్లాండు సన్యాసి కొలంబానునకు రాజదంపతులు బొబ్బియోలో మఠమునకై స్థల మొసఁగిరి.

616లో భర్త గతించఁగా ఆమె బాలుఁడగు కుమారుని పక్షమున రాజ్యభారము వహించెను. కాని పిదప కుమారుఁడు పదభ్రష్టుఁడయ్యెను. ఏరియను రాజు సింహాసన మెక్కెను. 627 ప్రాంతమున రాణి మరణించెను. తాను నాటినది ఫలించుట ఆమె చూడలేదు. ఆ శతాబ్దము ముగియులోపల లాంబర్డులు కాథలిక్కులైరి.

774లో షార్లమేను వారి రాజ్యమును జయించెను. లాంబర్డీ యను పేరు మాత్రము నిలిచినది. వారి అడుగుజాడలఁ జూడఁగోరు యాత్రికులకు, ఉత్తరమున చివిదాలే మొదలు దక్షిణమున మోంటె సాంతాంజెలో వఱకు గల యేడు స్థలములను 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వముగాఁ బ్రకటించినది. మోంజా ఆ యేడింటిలోనిది కాదు. అయినను అచటి దేవాలయమునఁ బదునేనవ శతాబ్దపు జవత్తారి చిత్రకారులు గోడలపై వ్రాసిన రాణి జీవితమును, నిధిశాలలో ఏడు పిల్లలతోఁ గూడిన వెండి కోడిని నేఁటికిని జూడవచ్చును.

విద్యార్థులారా! మేలుపని ఫలము మన కన్నులఁ బడకపోవచ్చును. అంతమాత్రమున నది వ్యర్థము కాదని యీ రాణి జీవితము మనకు బోధించుచున్నది.