తాళ్లపాక అన్నమాచార్యుడు

తుంగభద్రకు చేరువనున్న కోసిగి మొదలుకొని చెయ్యేటి దరినున్న తాళ్లపాక వరకు వ్యాపించిన సీమ మెట్టసీమ. ఇచ్చట వానలు అరుదు; కరవులు తరచు. అయినను ఈ నేలయందు పాటకు మాత్రము ఎన్నడును కొరత లేదు. ధాన్యము దంచు స్త్రీలు సువ్విపాటలు పాడుదురు. బిడ్డలను నిద్రపుచ్చు తల్లులు లాలిపాటలు పాడుదురు. సంక్రాంతి దినములలో బాలికలు గొబ్బిపాటలు పాడుదురు. పూర్వము పండితులలో పెక్కురు వీనిని కవిత్వముగా లెక్కింపలేదు. అట్టి పల్లెపాటకు దేవుని సన్నిధిని గౌరవస్థానము కల్పించిన మహనీయుడు అన్నమాచార్యుడు.

రాజంపేటకు సమీపమునగల తాళ్లపాక గ్రామమున 1408వ సంవత్సరమున అతడు జన్మించెను. తండ్రి నారాయణసూరి; తల్లి లక్కమాంబ. అతని మనుమడగు చిన్నన్న తాతగారి జీవితమును ‘అన్నమాచార్య చరిత్రము’ అను ద్విపద కావ్యముగా రచించెను. అందొక గాథ కలదు. అన్నమయ్య తాతయగు నారాయణయ్యకు బాల్యమున చదువు అబ్బలేదు. గురువు దండనములకు తాళలేక ఆ బాలుడు ఊటుకూరులోని చింతలమ్మ గుడికి పోయి, ప్రాణములు విడువదలచి, పాముపుట్టలో చేయి పెట్టెను. అంతట ఆ గ్రామదేవత ప్రత్యక్షమై అతనిని వారించి, అతని వంశమున గొప్ప హరిభక్తుడు మనుమడుగా పుట్టునని చెప్పి ధైర్యము కలిగించెనట!

ఆ శతాబ్దముననే వంగదేశమున విజయగుప్తుడు మొదలగు కవులు సర్పదేవతయగు మనసాదేవి మహిమను ప్రజల భాషలో మంగళకావ్యములుగా గానము చేసిరి. పల్లెజనులు కొలుచు దేవతకును, పల్లెజనులు పలుకు భాషకును కవిత్వమున చోటు కలదని ఆ కవులు నిరూపించిరి. తెలుగునాట ఆ భాషకు అట్టి గౌరవమును తెచ్చినవాడు అన్నమయ్య.

అన్నమయ్యకు చిన్ననాటనే పాటలయందు మక్కువ మెండు. ఇంటి పనులు మాని పాడుకొనుచుండుటచే పెద్దలు అతనిని మందలించుచుండిరి. ఒకనాడు పశువులకు గడ్డి కోయుచుండగా కొడవలి తగిలి అతని వ్రేలు తెగెను. ఆ బాధలో అతనికి ఇల్లు, బంధువులు, సంపదలు శాశ్వతములు కావని తోచెను. ఆ సమయమున గోవిందనామము పాడుచు తిరుమలకు పోవు యాత్రికుల గుంపు కనబడెను. అతడు వారితో కలసి నడచెను. అప్పటికి అతని వయస్సు ఎనిమిదేండ్లని చరిత్రము తెలుపుచున్నది. తిరుపతిలో గ్రామదేవతయగు గంగమ్మకు మ్రొక్కి, ఆ బాలుడు కొండ నెక్కెను.

తాళ్లపాకవారి రాగిరేకుల ప్రకారము 1424వ సంవత్సరమున, పదునారవ యేట, అన్నమయ్య వేంకటేశ్వరునిపై సంకీర్తనములు చెప్ప నారంభించెను. నల్లమల కొండలలోని అహోబిలమున ఆదివన్ శఠకోపయతి సన్నిధిని అతడు వేదాంతము నభ్యసించెను. శాస్త్రము చదివియు అతడు జనుల పలుకుబడిని విడువలేదు. సువ్వి, లాలి, గొబ్బి, జాజర, ఏల, ఉయ్యాల మున్నగు పల్లెపాటల బాణీలన్నియు అతని సంకీర్తనములలో చోటు చేసికొన్నవి. దేవుని యెదుట రాజునకును బంటునకును, అధికునకును హీనునకును భేదము లేదని అతడు చాటెను. అతని భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణము’ రచించిన కవయిత్రి.

టంగుటూరు నేలుచుండిన సాళువ నరసింహుడు అన్నమయ్యను ఆదరించి, తరువాత పెనుగొండకు రప్పించుకొనెను. ఒకనాడు రాజు వేంకటేశ్వరునిపై పాడిన శృంగార సంకీర్తనమును విని మురిసిపోయి, తనపై కూడ అట్టి పాట నొకటి చెప్పుమని కోరెను. అన్నమయ్య చెవులు మూసికొనెను. హరిని కీర్తించు నాలుక నరుని కీర్తింపజాలదని తెలిపెను. సిరిసంపదలు ఒకవైపు, చెరసాల ఒకవైపు నిలిచియుండగా అతడు చెరసాలనే యెంచుకొనెను. రాజు ఆగ్రహించి సంకెళ్లు వేయించెను. అన్నమయ్య దేవుని తలచి పాడగా ఆ సంకెళ్లు ఊడిపడెననియు, రాజు పశ్చాత్తాపము చెంది క్షమాపణ వేడెననియు చిన్నన్న వర్ణించినాడు. ఈ నరసింహుడే 1485లో విజయనగర సింహాసనము నధిష్ఠించెను.

1503వ సంవత్సరమున, ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు, అన్నమయ్య పరమపదించెను. అతడు ముప్పదిరెండువేల సంకీర్తనములు చెప్పెనని ప్రసిద్ధి. నేడు దొరకుచున్నవి పండ్రెండువేలకు పైబడినవి. తాటియాకులు చెదలుపట్టి నశించును. కావున అతని కుమారుడు పెదతిరుమలాచార్యుడు ఆ పాటలను రాగిరేకులపై చెక్కించెను. తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండాగారమున అవి భద్రపరుపబడెను. కాలక్రమమున జనులు వానిని మరచిరి. శతాబ్దములపాటు అవి చీకటిలో నుండెను. ఇరువదవ శతాబ్దమున అవి మరల వెలుగు చూచెను. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితులు శ్రమించి వానిని పరిష్కరించి ప్రకటించిరి. చిన్నన్న రచించిన చరిత్రము 1949లో అచ్చుపడెను.

రాజును పొగడి యుండినచో అన్నమయ్యకు సంపదలు దక్కెడివి. కాని ఆ రాజ్యమే నేడు లేదు. రోకటిపోటుతో, ఉయ్యాల ఊపుతో కలసి పుట్టిన పాట మాత్రము నిలిచియున్నది. పల్లెజనుల భాషను చిన్నచూపు చూడని కవిని జనులు పదకవితా పితామహుడని గౌరవించుచున్నారు.