రైతుబిడ్డలు కలిసి రాసిన పుస్తకం

కాగితమంటే మన పల్లెల్లో పేదవాడికి భయం. షావుకారు రాసుకొచ్చిన ప్రోనోటులో ఏముందో తెలియక వేలిముద్ర వేసి, చెక్క పొలం పోగొట్టుకున్నవాళ్ళు మన తాతల్లో ఎందరో. ఈనాటికీ అర్జీ పెట్టాలన్నా, కరపత్రం వేయాలన్నా చదువుకున్నవాడెవడు దొరుకుతాడా అని చూస్తాం. ఇంకొకరు రాస్తేగాని మన గోడు కాగితం ఎక్కదు. ఇటలీ దేశంలో ఒక కొండమీద పేద రైతుల బిడ్డలు ఈ పద్ధతిని తలకిందులు చేశారు. వాళ్ళకు దారి చూపినవాడు లొరెంజో మిలానీ. ఆయన సంగతి మన కార్యకర్తలు తెలుసుకోవాలని మేము ఇక్కడ రాస్తున్నాం.

మిలానీ పేదింటి బిడ్డ కాదు. 1923 మే 27న ఫ్లారెన్సు నగరంలో బాగా కలిగిన కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. 1943లో, ఇరవయ్యో ఏట, అదంతా వదిలేసి చర్చి గురువులకు శిక్షణ ఇచ్చే బడిలో చేరాడు. 1947లో ఫాదర్ అయ్యాడు.

ముందు ఆయన్ను సాన్ డొనాటో అనే ఊరికి పంపారు. అక్కడి జనం బట్టల మిల్లుల కార్మికులు, రైతులు. పనిచేసుకునే కుర్రాళ్ళ కోసం ఆయన రాత్రిబడి పెట్టాడు. కమ్యూనిస్టులను చర్చి నుంచి వెలివేస్తున్నామని 1949లో రోము పెద్దలు శాసించిన రోజులవి. అయినా ఏ పార్టీ వాడైనా రావచ్చన్నాడు మిలానీ. కమ్యూనిస్టుల బిడ్డలు గడప తొక్కడానికి జంకకూడదని బడి గోడమీది శిలువను కూడా తీసేశాడు. చర్చి పెద్దలకు ఈ తీరు మింగుడుపడలేదు. 1954 డిసెంబరులో ఆయన్ను బార్బియానా అనే కొండమీదికి తోసేశారు.

బార్బియానాకు అప్పుడు రోడ్డు లేదు, కరెంటు లేదు, ఇళ్ళకు నీళ్ళు లేవు. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఇళ్ళు. ఆ ప్రాంతం రైతుల్లో చాలామంది భూస్వామికి సగం పాలిచ్చి సాగుచేసేవాళ్ళు. అలాంటి కొత్త ఒప్పందాలు కూడదని అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది 1964లోగాని కాదు. అటువంటి చోటికి చేరిన మర్నాడే మిలానీ అక్కడి శ్మశానంలో తన సమాధికి జాగా కొనుక్కున్నాడు. తాను అక్కణ్ణించి కదిలేది లేదని అందరికీ అర్థమైంది.

చర్చి గదిలోనే బడి మొదలైంది. సర్కారు బడి తప్పించిన పిల్లలు, గొర్రెల వెంట తిరిగే పిల్లలు అడవిదారిన నడిచి వచ్చేవాళ్ళు. రోజుకు పన్నెండు గంటల చదువు, ఏడాది పొడుగునా సెలవన్నది లేదు. పెద్దపిల్లలే చిన్నపిల్లలకు పంతుళ్ళు. వార్తాపత్రిక కూడా పాఠమే. మాట చేతకాకే పేదవాడు యజమాని ముందు ఓడిపోతున్నాడని, ముందు మాట చేజిక్కించుకోవాలని మిలానీ నమ్మకం.

1963లో మారియో లోడి అనే పంతులు ఈ బడి చూడవచ్చాడు. ఆయన పనిచేసేది దూరాన పో నది మైదానంలోని పల్లెబడిలో. రెండు బడుల పిల్లలూ ఉత్తరాలు రాసుకోవాలని ఇద్దరూ అనుకున్నారు. అందరూ కలిసి రాసే పద్ధతి బార్బియానాలో అలా నిలదొక్కుకుంది.

ఆ పద్ధతి చూడండి. ప్రతి పిల్లవాడి జేబులో చిన్న పుస్తకం. తోచిన ప్రతి సంగతీ అందులో రాసుకోవాలి. తర్వాత ఒక్కో సంగతి ఒక్కో చీటీమీద, ఒకవైపే రాయాలి. చీటీలన్నీ పెద్ద బల్లమీద పరిచి, రెండుసార్లు వచ్చినవి తీసేయాలి. ఒకదానికొకటి పొత్తు కుదిరినవి కుప్పలు చేయాలి. ఒక్కో కుప్ప ఒక్కో అధ్యాయం. రాసినదానికి నకళ్ళు తీసి, కత్తెర, జిగురు, రంగు పెన్సిళ్ళు పట్టుకుని మళ్ళీ కూర్చోవాలి. అక్కర్లేని మాట ఎవరు పట్టుకుంటారా అని పోటీ. చివరికి బయటివాళ్ళను, అందులోనూ పెద్దగా చదువుకోనివాళ్ళను పిలిచి చదివించాలి. అర్థం కాలేదంటే మార్చాలి. జాగ్రత్త, పెద్దలకు కోపం వస్తుందంటే మాత్రం మార్చకూడదు.

ఇలా ఎనిమిదిమంది పిల్లలు కలిసి ఒక పుస్తకం రాశారు. పంతుళ్ళ శిక్షణ బడి పరీక్షలో ఇద్దరు బార్బియానా కుర్రాళ్ళు తప్పారు. తప్పించిన పంతులమ్మకు ఉత్తరంగా మొదలైన ఆ రాత దేశంలోని చదువు మొత్తాన్నీ నిలదీసింది. తప్పుతున్నవాళ్ళు ఎవరి బిడ్డలని పిల్లలే లెక్కలు తీశారు. రైతుల, కార్మికుల బిడ్డలేనని తేలింది. 1967 మే నెలలో ఆ పుస్తకం అచ్చయింది. రచయిత పేరున్న చోట బార్బియానా బడి అని మాత్రమే ఉంది. మిలానీ పేరు అట్టమీద లేదు. మేము అన్నిటికన్నా గొప్పగా భావించేది ఇదే.

అప్పటికి ఆయన మీద కేసు నడుస్తోంది. తుపాకి పట్టనన్న యువకులు పిరికివాళ్ళని సైన్యం ఫాదర్లు కొందరు నిందిస్తే, వాళ్ళకు జవాబుగా 1965లో ఆయన రాసిన ఉత్తరాన్ని కమ్యూనిస్టు వారపత్రిక అచ్చువేసింది. 1966 ఫిబ్రవరిలో కోర్టు కేసు కొట్టేసింది. సర్కారు పై కోర్టుకు వెళ్ళింది. ఆ తీర్పు రాకముందే, 1967 జూన్ 26న, రక్తానికి సోకిన క్యాన్సరుతో నలభై నాలుగేళ్ళకే మిలానీ కన్నుమూశాడు. బార్బియానాలో కొనుక్కున్న జాగాలోనే ఆయన్ను పూడ్చారు. తుపాకి పట్టనన్నవాణ్ణి జైల్లో పెట్టకుండా వేరే సేవకు పంపే చట్టం ఇటలీలో 1972లో వచ్చింది.

మిలానీ కమ్యూనిస్టు కాడు. చివరిదాకా చర్చిని వదల్లేదు. కోపిష్టి, పిల్లలపట్ల కఠినంగా ఉండేవాడు కూడా. అవి దాచాల్సిన పని లేదు. ఆయన దగ్గర మనం తీసుకోవాల్సింది మాత్రం ఒకటుంది. పదిమంది కూలీలు ఒకచోట కూర్చుంటే పది అనుభవాలు ఉంటాయి. కూలిరేటు సంగతి ఒకరికి తెలుసు, కొలతల్లో మోసం ఇంకొకరికి తెలుసు, ఆడకూలీకి తక్కువిచ్చే సంగతి ఆమెకే తెలుసు. రాయడం వచ్చిన ఒక్కరుంటే చాలు, మిగతావాళ్ళు చెబుతారు, చీటీలు పేరుస్తారు. ఈసారి కరపత్రం వేయాల్సి వస్తే పట్నం వాడి దగ్గరికి పరుగెత్తకండి. రచ్చబండ మీద చీటీలు పరవండి. రాసింది కలుపుతీసే ఆడవాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు అవునంటే అచ్చుకు పంపండి.