చెఱసాలలో కూలి: ఎలిజబెత్ ఫ్రై చరిత్రము

ఖైదీ చేసిన పనికి కూలి యీయవలెనా, ఇచ్చినచో నెంత యీయవలెను అను ప్రశ్న నూతనమైనది కాదు. రెండువందల సంవత్సరములకు పూర్వమే లండను నగరమున నొక గృహిణి దీనికి కార్యరూపమున సమాధానము చెప్పెను. ఆమెయే ఎలిజబెత్ ఫ్రై.

ఈమె 1780వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి నారిచ్ పట్టణమున, క్వేకరు మతస్థులును సంపన్నులును అగు గర్నీ వంశమున జన్మించెను. పండ్రెండవయేట తల్లిని గోల్పోయెను. 1800లో జోసెఫ్ ఫ్రై యను వర్తకుని వివాహమాడి, పదునొకండుగురు బిడ్డలకు తల్లియయ్యెను.

1813లో నామె న్యూగేటు చెఱసాలలోని స్త్రీలను జూడబోయెను. విచారణ జరుగనివారును, శిక్షపడినవారును, పసిబిడ్డలును ఒక్కచోటనే క్రిక్కిరిసియుండిరి. పరుండుటకు పక్కలు లేవు. చేయుటకు పని లేదు. చూడవచ్చినవారిని యాచించి తెచ్చుకొన్న కాసులు మద్యమునకే పోవుచుండెను.

దానధర్మములు చాలవనియు, పని కల్పింపవలెననియు ఆమె గ్రహించెను. 1817లో కొందఱు స్త్రీలతో గూడి సంఘమును స్థాపించి, బిడ్డలకు పాఠశాలను, తల్లులకు కుట్టుపనిని ఏర్పాటు చేసెను. ఆస్ట్రేలియాకు పంపబడిన ఖైదీలకు వలయు దుస్తులపనిని వర్తకులవద్ద సంపాదించెను. పది నెలలలో సుమారు 20,000 వస్త్రములు తయారయ్యెను. 1818లో పార్లమెంటు ఉపసంఘమునెదుట ఆమె యిచ్చిన సాక్ష్యము ప్రకారము ఒక్కొక్కతెకు వారమునకు సుమారు 18 పెన్నీలు ముట్టుచుండెను. ఆ సొమ్ము తిండికిని బట్టకును వినియోగమయ్యెను.

వెలుపల కష్టజీవి పస్తుండగా నేరస్థునికి కూలి యేలయని ఆక్షేపించినవారును గలరు. ఖైదీకి లాభము చూపినచో శిక్షాభయము నశించునని సిడ్నీ స్మిత్ మున్నగువారు వాదించిరి. అనేక చెఱసాలలలో కాలితో త్రొక్కు చక్రములు వెలసెను. దినమెల్ల త్రొక్కినను పలుచోట్ల వానివలన గింజైనను పిండి కాలేదు. తుదకు 1898 చట్టము ఆ పద్ధతికి స్వస్తి చెప్పెను.

1828లో భర్త వ్యాపారము దివాలాతీసినను ఆమె తన సేవను మానలేదు. 1845 అక్టోబరు 12న రామ్స్‌గేటున పరమపదించెను.

1998లో భారత సర్వోన్నత న్యాయస్థానమును కఠినశిక్ష ననుభవించువారికి న్యాయమైన కూలి యీయవలెననియు, అందు కొంతభాగము నేరమువలన నష్టపడినవారికి చెందవలెననియు తీర్పు చెప్పెను. కష్టజీవి న్యాయమునకును ఇందు లోపము లేదు. కూలి పెంచుట ఖైదీకి బహుమానము కాదు. వట్టిచేతులతో విడుదలయగువాడు మరల దొంగతనమునకు దిగినచో నష్టపడునది మన యిండ్లే. చేత పనియు, మూటలో నాలుగు రూకలును గలవానిని ఊరు నిర్భయముగ చేర్చుకొనగలదు.